జీడితోటలో చారల పాము: మెడ ఉబ్బించి, తోక ఆడిస్తూ మీదికొస్తోంది. విషమున్నదేనా?

కవిటి జీడితోట అడిగినది:

కవిటి దగ్గర మా జీడి, కొబ్బరి తోట. ఒక మూలన కొబ్బరి మట్టలు, పీచు కుప్ప పోసి ఉంది. అక్కడే ఒక పాము తిరుగుతోంది. పొడవు మూడున్నర అడుగులుంటుంది, లావు బొటనవేలంత. ఒళ్లు లేత గోధుమ రంగు. ముందు సగంలో ముదురు రంగు అడ్డపట్టీలు, పట్టీల మధ్యలో తెల్ల చుక్కలు. వెనక సగానికి వచ్చేసరికి పట్టీలు కనబడవు, తోక దాకా రెండు నల్లచారలే ఉన్నాయి. ఒకే పాముకి రెండు రకాల ఒళ్లు అతికించినట్టుంది.

అలికిడికి పారిపోవడం లేదు. మెడ పైకెత్తి వంకర తిప్పి, ఉబ్బించి, నోరు తెరుచుకుని మీదికొస్తోంది. తోకని ఎండుటాకుల మీద గబగబా ఆడిస్తుంటే బుసలాగే వినిపిస్తోంది. పనివాళ్లలో కొందరు రక్తపింజర అంటున్నారు, కొందరు కట్లపాము జాతే అంటున్నారు. కుప్ప అడుగున తెల్లగా, పొడుగ్గా ఎనిమిది గుడ్లు, పక్కనే ఒక కుబుసం ఉన్నాయి. గుడ్లని ఎవరం ముట్టుకోలేదు.

ఇది ఏటి పాము? గుడ్లు దానివేనా? పిక్కలు ఏరే రోజులు దగ్గరకొచ్చాయి. కుప్ప తీయించాలా, ఒగ్గేయాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

మహేంద్రతనయ:

అన్నా, మీరు రాసిన ఆనవాళ్లు మేగరేకుల పొడకి అచ్చంగా సరిపోతున్నాయి. ఇంగ్లీషులో ట్రింకెట్ స్నేక్ అంటారు, శాస్త్రీయ నామం సీలోగ్నాథస్ హెలెనా. దీనికి విషం లేదు, విషపు కోరలూ లేవు. ఎలుకని పట్టి, చుట్టలు వేసి నొక్కి చంపి మింగుతుంది.

ఇది మన ఉత్తరాంధ్ర నుంచే లోకానికి తెలిసిన పాము. ఈస్టిండియా కంపెనీ దగ్గర ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం ప్రాంతంలో పాములు సేకరించి, 1796లో రంగుల బొమ్మలతో పుస్తకం వేశాడు. బొమ్మల పక్కన ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు. దాంట్లో ఈ పాము బొమ్మ ఆధారంగా ఫ్రాన్సు దేశపు డోదాఁ 1803లో హెలెనా అని పేరు పెట్టాడు. రక్తపింజరని రస్సెల్స్ వైపర్ అంటున్నది కూడా ఈ రస్సెల్ పేరు మీదే.

ఇక గుర్తుపట్టడం. ఒక్క ఆనవాలు చూసి తేల్చెయ్యకండి, నాలుగు కలవాలి. మొదటిది మీరే చెప్పారు: ముందు సగం అడ్డపట్టీలు, వెనక సగం నిలువు చారలు. రెండోది మెడ. తల వెనకాల పైభాగాన రెండు నల్లగీతలుంటాయి. కొన్ని పాముల్లో విడివిడిగా పక్కపక్కనే ఉంటాయి, కొన్నింట్లో ముందువైపు కలిసిపోతాయి. మూడోది కన్ను. కంటి కిందనుంచి పెదవి మీదికి చిన్న నల్లగీత ఒకటి దిగుతుంది, కంటి వెనకనుంచి నోటి మూల వైపు ఏటవాలుగా ఇంకొకటి. కనుపాప గుండ్రం. నాలుగోది పొట్ట: తెల్లగానో కాస్త పసుపుగానో నిగనిగలాడుతుంది.

మెడ ఉబ్బించడం గురించి బాగా తెలుసుకోవాలి, ఎక్కువమంది తాచు అనుకునేది అక్కడే. తాచు పడగ పక్కలకి విప్పుతుంది కాబట్టి ఎదురుగా నిలబడి చూస్తే వెడల్పు. మేగరేకుల పొడ మెడని పైకీ కిందకీ సాగదీస్తుంది. ఎదురుగా చూస్తే సన్నంగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తేనే వెడల్పు కనబడుతుంది. అలా సాగినప్పుడు పొలుసులు విడిపోయి మధ్యలో తెల్లటి చర్మం బయటపడుతుంది. అప్పటిదాకా గోధుమ రంగుగా ఉన్న మెడ ఒక్కసారి గళ్ల గుడ్డలా అయిపోతుంది. ఈ జాతి అందమంతా ఆ క్షణంలో తెలుస్తుంది. పాపం, దెబ్బలు తినేదీ అప్పుడే.

తోక ఆడించడం బెదిరింపు మాత్రమే. జెర్రిపోతు కూడా అలాగే ఆడిస్తుంది. జీడాకు ఎండితే గలగలలాడుతుంది కదా, దాని మీద ఆ చప్పుడు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

---

నాగావళి గట్టు:

పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. రక్తపింజరా, కట్లపామా అన్న అనుమానం తీరకపోతే పనివాళ్ల భయం పోదు.

రక్తపింజరకి వీపు మీద ఒక వరస, రెండు పక్కల చెరో వరస, మొత్తం మూడు వరసల కోడిగుడ్డు ఆకారపు మచ్చలుంటాయి. అవి తల దగ్గర మొదలై తోక దాకా వెళతాయి. సగంలో ఆగి చారలుగా మారవు. ఒళ్లు లావు, తోక పొట్టి. తల మీద అన్నీ చిన్న చిన్న గరుకు పొలుసులే. మేగరేకుల పొడ తల మీద పెద్ద పెద్ద పలకలు వరసగా ఉంటాయి, మెడ సన్నం, తోక పొడుగు.

కట్లపాము నలుపు, నీలం కలిసిన మెరిసే ఒళ్లు. సన్నటి తెల్లగీతలు ఎక్కువగా జంటలుగా ఉంటాయి. పెద్ద పాముల్లో ఆ గీతలు తల దగ్గర ఉండవు, కొంత వెనకనుంచి మొదలై తోక దాకా వెళతాయి. అంటే ముందు భాగం ఖాళీ, వెనక భాగం నిండుగా. మీ పాములో పట్టీలున్నది ముందు సగంలోనే కాబట్టి అది కట్లపాము కాదు.

పగటిపూట కట్లపాము చాలా నెమ్మది, తల చుట్టల్లో దాచుకుంటుంది. అందుకే "ఎగబడేది విషపాము, మెతగ్గా ఉండేది మంచి పాము" అన్న లెక్క పనికిరాదు. మన దగ్గర ఆ లెక్క తలకిందులవుతోంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరిచే కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి.

గుడ్ల సంగతి. రక్తపింజర, చిన్నపింజర గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. అందుచేత ఆ గుడ్లు పింజరవి కాదని ఖాయం. మేగరేకుల పొడ ఒక విడతకి ఆరునుంచి పన్నెండు దాకా పెడుతుంది, మీ ఎనిమిది ఆ లెక్కలోనే ఉంది. కానీ తాచు, కట్లపాము కూడా గుడ్లు పెట్టేవే, ఇలాంటి కుప్పల్లోనే పెడతాయి, పెట్టాక దగ్గరే కాపలా కూడా ఉంటాయి. పాము ఒకటి కనబడింది కదా అని గుడ్లు దానివే అనుకుని చెయ్యి పెట్టకండి.

---

కుబుసం:

సార్, కుబుసం దొరికిందన్నారు. అది చేతిలో ఉంటే ఊహ అక్కర్లేదు, లెక్కపెట్టి తేల్చవచ్చు. పామే ఒదిలేసిన కాగితం కాబట్టి ప్రమాదమూ లేదు. ఎలా చూడాలో రాస్తున్నాను.

కర్రతో కుప్ప బయటకి లాగి, చేతికి గుడ్డ చుట్టుకుని తీయండి. ఎండి పెళుసుగా ఉంటే పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి. నానకుండా విప్పితే పొట్ట పలకల దగ్గర చిరుగుతుంది, ఆ చిరిగిన చోటే మనకి కావలసిన లెక్క ఉంటుంది. నానాక నల్లగుడ్డ మీద పరిచి, పొట్ట వైపు మధ్యలో కత్తెరతో నిలువుగా కోసి పుస్తకంలా తెరవండి. కుబుసం వదిలేటప్పుడు లోపలిది బయటకి తిరగబడుతుంది, కాబట్టి కుడి ఎడమలు తారుమారుగా ఉంటే కంగారు పడకండి. పొడవు కూడా నమ్మవద్దు. కుబుసం సాగుతుంది, పాము కంటే పొడుగ్గానే వస్తుంది.

మొదట తల చూడండి. పెద్ద పలకలుంటే రక్తపింజర కాదు. తర్వాత కంటికీ ముక్కుకీ మధ్య పొలుసులు. మేగరేకుల పొడకి ముక్కు పలకకీ, కంటి ముందున్న పలకకీ నడుమ ఒక చిన్న పొలుసు విడిగా ఉంటుంది. తాచుకీ కట్లపాముకీ ఆ పొలుసే ఉండదు. ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత నడిమి ఒంటి దగ్గర వరసలు లెక్కపెట్టండి. పొట్ట పలక అంచున మొదలుపెట్టి, ఏటవాలుగా వీపు మీదుగా అవతలి అంచు దాకా వెళ్లాలి. పొట్ట పలకని లెక్కలో వేయకూడదు. తిన్నగా అడ్డంగా లెక్కపెడితే పొలుసులు తప్పిపోతాయి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మూడు చోట్ల లెక్కపెట్టి ఒకే అంకె వస్తేనే నమ్మండి. మేగరేకుల పొడకి 23 నుంచి 29 వరసలు వస్తాయి. కట్లపాముకి 15 లేదా 17, పైగా నడివీపు వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా ఆరు మూలలతో ఉంటాయి. రక్తపింజరకి ఇంచుమించు 27 నుంచి 33, పొట్ట పక్కన ఉండే అడుగు వరస తప్ప ప్రతి పొలుసు మధ్యలోనూ గట్టులాంటి గీత ఉండి వేలికి గరుకుగా తగులుతుంది. తాచుకి కూడా ఇరవై పైనే రావచ్చు, కాబట్టి తాచుని విడదీయడానికి వరసల లెక్క సరిపోదు. ఇందాక చెప్పిన ముక్కు దగ్గరి పొలుసే చూడాలి.

చివరగా తోక అడుగు. మేగరేకుల పొడకి తోక కింద పలకలు రెండేసి జంటగా ఉంటాయి. కట్లపాముకి ఒక్కొక్కటే. తోక భాగం తెగిపోయి దొరక్కపోతే దీన్ని వదిలేయండి, మిగతావి చాలు.

ఇంకొక్క మాట. కుబుసం విడవడానికి కొద్దిరోజుల ముందు పాము కళ్లు పాలు పోసినట్టు మసకబారతాయి, రంగులు వెలిసిపోతాయి, చూపు సరిగ్గా ఆనదు. ఆ రోజుల్లో ఇంకా చిరాకుగా ఉండి తొందరగా తిరగబడుతుంది. మీరు చూసిన పాము నిగనిగలాడుతూ ఉందంటే ఈమధ్యే విడిచిందన్నమాట, ఆ కుబుసం దానిదే అయ్యే అవకాశం ఎక్కువ.

---

గజపతినగరం పెంకుటిల్లు:

తమ్ముడూ, కుప్ప తీయాలా వద్దా అన్నదానికి చెప్తాను. ఇప్పుడు తీయించకు. పాము గుడ్డు కోడిగుడ్డులా తిప్పుకునేది కాదు. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం గుడ్డు పై గోడకి అంటుకుంటుంది. ఆ తర్వాత తలకిందులు చేస్తే పిల్ల లోపలే చచ్చిపోవచ్చు. కదిపిన పీచునే కర్రతో మళ్లీ మీదికి లాగెయ్, అంతే. నీళ్లు పొయ్యకు, బూజు పడుతుంది. ఎండ తగిలేలా తెరిచి పెట్టకు, పెంకు మెత్తటి తోలులా ఉంటుంది కాబట్టి బేగి ముడుచుకుపోతుంది. పీచు లోపల ఉండే చెమ్మ, వెచ్చదనం దానికి సరిపోతాయి. పిల్లలు రావడానికి రెండు నెలలు అటూ ఇటూ. జానెడు పైన పొడవుంటాయి, పుట్టగానే ఎవరి దారిన అవి పోతాయి. చిన్నప్పుడు తొండలు, నలికిరీలు, చిట్టెలుకలు తింటాయి, పెద్దయ్యాక ఎలుకలే ఎక్కువ.

పనివాళ్ల కోసం కుప్ప చుట్టూ నాలుగు గుంజలు పాతి తాడు కట్టు. ఆ నాలుగు చెట్ల కింద పిక్కలు చివర్లో ఏరించు. మరీ తప్పనిసరైతే అటవీశాఖ వాళ్లకి కబురు చెయ్యి. పాముల్ని చంపడం, పట్టి పెట్టుకోవడం, గుడ్లు తీసుకుపోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పిక్కలు ఏరేటప్పుడు ముందు పొడుగు కర్రతో ఆకు కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టమను. వేసవిలో ఈ పాము ఎక్కువగా పొద్దు వాలాక తిరుగుతుంది. పగలు పుట్టల్లో, రాళ్ల సందుల్లో, చెట్టు తొర్రల్లో, ఆకు కింద పడుకుంటుంది. చల్లటి రోజుల్లో పగలే కనబడుతుంది. తెల్లారగట్ల ఏరడానికి వెళ్లేవాళ్లకి టార్చి, కాళ్లకి బూట్లు ఉండాలి. అది మేగరేకుల పొడ కోసం కాదు, అదే ఆకు కింద రక్తపింజర కూడా పడుకుంటుంది కాబట్టి.

తోట చుట్టూ పాత చేపల వల కట్టి ఉంటే మాత్రం తీసేయించు. మన తీరంలో కూరమళ్లకి, కోళ్లకి నైలాను వల కట్టడం అలవాటు. పాము తల దూర్చి ముందుకి తోసుకుంటుంది, పొలుసులు వెనక్కి తిరిగి ఉంటాయి గనక వెనక్కి రాలేదు. గింజుకున్నకొద్దీ పోగు ఒంట్లోకి దిగి చర్మం కోసుకుపోతుంది. వెదురు దడి గానీ, పావంగుళం కన్ను ఉన్న ఇనుప జాలీ గానీ వాడుకో. ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టలు కూడా అంతే. వాటికి అంటుకున్న ఎలుక కోసం వచ్చి పాము పిల్ల ఇరుక్కుంటుంది. విషంలేని పామే అని తెలిసినవాళ్లు నిర్ధారించాక, అంటుకున్న చోట వంటనూనె పోసి పాముని కొద్దికొద్దిగా విడిపించాలి. లాగితే తోలు ఊడొస్తుంది.

---

కవిటి జీడితోట:

అందరికీ నమస్కారం. కుబుసం నానబెట్టి చూశాను. తల మీద పెద్ద పలకలే, వరసలు మూడు చోట్లా 25, ముక్కుకీ కంటికీ మధ్య చిన్న పొలుసు ఉంది, తోక కింద జంటలే. గుడ్ల మీద పీచు కప్పించి తాడు కట్టించాను.

ఇంకో రెండు అడుగుతాను. ఒకవేళ ఇదే కరిస్తే ఏం చెయ్యాలి? జీడికొమ్మల మీద సన్నగా, రాగిరంగు వీపుతో మెరుపులా పరిగెత్తే పాము ఒకటుంది. అదీ ఇదీ ఒకటేనా?

---

మహేంద్రతనయ:

కొమ్మల మీద పరిగెత్తేది వేరే జాతి, చెట్టుపాము. డెండ్రెలాఫిస్ ట్రిస్టిస్ అంటారు. దానికీ విషం లేదు. కోపం వచ్చి మెడ ఉబ్బిస్తే పొలుసుల మధ్య లేతనీలం కనబడుతుంది. తొండలు, కప్పలు తింటుంది. నేల మీదికి తక్కువగా దిగుతుంది.

---

నాగావళి గట్టు:

మేగరేకుల పొడ కరిస్తే చిన్న చిన్న పళ్లు వంపు తిరిగి వరసగా గుచ్చుకుని, సన్నగా రక్తం కారుతుంది. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సమయం దాటిపోయి ఉంటే వేయించుకుంటే చాలు. పళ్లు విరిగి లోపల ఉండిపోతే చీము పడుతుంది, రెండో రోజు ఎర్రబడితే డాక్టరుకి చూపించాలి.

కానీ ఇది పాము ఏదో ఖాయంగా తెలిసినప్పటి మాట. ఆకుల్లో చెయ్యి పెట్టినప్పుడు కరిచి మాయమైపోతే, గాటు చూసి విషముందో లేదో ఎవరూ చెప్పలేరు. రెండు గాట్లుంటేనే విషపాము అన్న మాట నమ్మవద్దు. విషపాము ఒక్క కోరతోనూ కరవవచ్చు, గీకనూ వచ్చు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయండి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్ర బద్దకి కట్టండి. తాడుతో బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు కోసం ఆగవద్దు. పాముని పట్టి తేవాలని ఎవరూ ప్రయత్నించవద్దు, దూరంనుంచి ఫొటో దొరికితే చాలు.

ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజుగొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. గడ్డకట్టిందని వెంటనే ఇంటికి వచ్చేయకూడదు, కట్లపాము విషం రక్తంలో ఇలా తేలదు. కనీసం 24 గంటలు డాక్టరు కళ్లెదుట ఉండాలి. మన దగ్గర దొరికే విరుగుడు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ కలిపి తయారుచేసినదే. కాబట్టి పాము పేరు చెప్పలేకపోయినా వైద్యం ఆగదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఇంటికొకరు ఉన్నట్టే ఉన్నారు కదా. రక్తపింజర విషం నేరుగా కిడ్నీలని దెబ్బతీస్తుంది. పాము కరిచినవాళ్లకి అంతకుముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎక్కువుంటే ఆ సంగతి ఆసుపత్రి గుమ్మంలోనే చెప్పండి, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి. నొప్పి అని దుకాణంలో డైక్లోఫినాక్ లాంటి మాత్రలు కొని వేయవద్దు, అవి కిడ్నీకీ చేటు, రక్తస్రావానికీ చేటు. మీ పనివాళ్లలో డయాలసిస్ చేయించుకునేవాళ్లో, మందులు వాడుతున్నవాళ్లో ఉంటే, వాళ్లకి ఆకు కింద చెయ్యి పెట్టే పని ఇవ్వకుండా పిక్కలు వలిచే పనో, ఆరబెట్టే పనో ఇవ్వండి.

---

కుబుసం:

25 వరసలు, జంట పలకలు, ముక్కు దగ్గర పొలుసు. మేగరేకుల పొడే, ఇక అనుమానం లేదు. ఆ కుబుసాన్ని పారేయకండి సార్. నీడలో ఆరబెట్టి, రెండు పాత కాగితాల మధ్య పెట్టి, దొరికిన తేదీ, చోటు రాసి ఉంచండి. పక్కన రెండో కాగితం మీద పెద్ద అక్షరాలతో "నడుము దగ్గర 25, వీపు మధ్య వరస పెద్దది కాదు, తోక కింద జంటలు" అని రాసి పెడితే, వచ్చే ఏడు కొత్తగా దొరికే కుబుసాన్ని మీ పనివాళ్లే దీంతో పోల్చి చూసుకోగలరు.